తెర మీది గుండె

ఆ కళ్లద్దాల జిడ్డు ఇప్పటికీ వేళ్లకు అంటుకున్నట్టే ఉంటుంది. ఒకరి కొబ్బరినూనె, ఇంకొకరి చెమట, మరొకరి కంటి పుసి. ఒక బ్యాచ్ లేవగానే వాటిని తుడిచి తరువాతి బ్యాచ్‌కు ఇవ్వడం నా పని. జనగామ దగ్గర పేరున్న భూస్వాములు, దేశపాండ్యాల ఇంట పుట్టి, జంతుశాస్త్రం చదివి, ఒకరి కింద పనికి కుదిరినవాళ్లలో మా వంశంలో నేనే మొదటివాణ్ణి. నిటారుగా నిలబడే తుడిచాను.

తెలంగాణ కోసం సమ్మె సాగుతోంది. బడులు మూతపడ్డాయి. పట్నంలోని ఒక కోచింగ్ సంస్థ మహబూబాబాద్‌లో హాలు తీసుకుని త్రీడీ పాఠాలు పెట్టింది. నల్లటి అద్దాలు పెట్టుకుంటే తెర మీది గుండె మన ముఖం మీదికొచ్చి కొట్టుకునేది. చివర్లో మైకులో అడిగితే, అన్ని ఊళ్ల హాళ్లకూ ఒకేసారి పాఠం చెప్పే పట్నం సారు తెర మీంచి జవాబిచ్చేవాడు. పిల్లలు కాగితం మీద రాసిచ్చిన ప్రశ్నలను 'మంచి తెలుగు'లోకి మార్చి నేనే చదవాలని నిబంధన. చదివేవాణ్ణి.

ఆ రోజు పెద్దవంగర నుంచి వచ్చే అమ్మాయి కాగితం ఇవ్వలేదు. "నేనే అడుగుత సార్" అని మైకు తీసుకుంది.

"సార్, గుండె ఒత్తితే నెత్తురు మీదికి వోతది. ఇడిశినంక మళ్ల ఎన్కకు ఎందుకు రాదు?"

"ఏంటమ్మా? కాస్త తెలుగులో అడుగు తల్లీ" అన్నాడు తెర మీది సారు. స్పీకర్లలోంచి పట్నం క్లాసు నవ్వు. ఆయన మరో ఊరి హాలు నుంచి వచ్చిన ప్రశ్న అందుకున్నాడు.

ఆ నవ్వు నాకు కొత్త కాదు. రైతులు మాట్లాడి వెళ్లాక మా అరుగు మీద పెద్దలు అలాగే నవ్వేవారు. చిన్నప్పుడు వాళ్లతో నేనూ నవ్వాను. ఈసారి నోరు చేదైంది.

అమ్మాయి అద్దాలు నా చేతికిచ్చింది. "రేపటి సంది రాను. పత్తి ఏరవోత."

"డాక్టర్ చదువుతానన్నావుగా?"

"నా మాటకే నవ్వెటోళ్లు నాకేం జెప్తరు?"

"నేను చెప్తాను. రేపొక్కరోజు రా."

"మీరు అద్దాలు తుడుస్తరు గద సార్!"

మర్నాడు పొద్దున్నే, మా ఇంటివాళ్లెవరూ ఎన్నడూ ఎక్కని మాంసం దుకాణం మెట్లెక్కాను.

"మేక గుండె కావాలి చాచా."

"ఫ్రైకా సాబ్, కూరకా?"

"పాఠానికి."

చాచా నన్ను ఎగాదిగా చూసి, "అయితే నాళాలు కొయ్యకుండ ఇస్త" అన్నాడు.

అమ్మాయి వచ్చింది. పాఠానికి ముందే బల్ల మీద పేపరు పరిచాను. వెచ్చని ఆ ముద్ద రెండుసార్లు చేతిలోంచి జారింది. కింది భాగం అడ్డదిడ్డంగా కోసి, లోపలి నెత్తురు గడ్డలు కడిగాను. పెద్ద నాళం నిలబెట్టి, "నెత్తురును వెనక్కి రానివ్వని తలుపులు ఇందులో ఉన్నాయి, నీళ్లు పొయ్యి" అన్నాను.

పోసింది. నీళ్లు గుండెలోకి దిగలేదు. నాళంలోనే నిలిచాయి.

"ఆగినయ్!" అని వంగి, వేలుతో మూడు పలుచని రేకులను తడిమింది. "గివేనా సార్ తలుపులు?"

"ఇవే."

ఆమె గుండెను అటూ ఇటూ తిప్పింది. "కింద మొత్తం ఖరాబు జేసిండ్రు. రేపు ఇంకోటి తేండ్రి సార్, నేను కోస్త."