వీధి అవతలి సంచి డాక్టరు

డాక్టర్ దేవసహాయం గారు గత ఆదివారం ఉదయం ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. మా కాంపౌండరు ఫోనులో ఈ దుర్వార్త చెప్పాడు. చర్చికి బయలుదేరబోతూ, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కుర్చీలో కూర్చుని బూటు లేసు ముడివేసుకుంటూ అలాగే ఒరిగిపోయారట. మంచం పట్టలేదు, ఎవరిచేతా సేవలు చేయించుకోలేదు, చివరికి చొక్కా మడత కూడా నలగలేదు. నిశ్చేష్టుడినైన మరుక్షణమే నాకు ఒళ్ళు మండింది. నిర్యాణంలో సైతం ఆయనదే పైచేయి.

తెనాలిలో ఆయనా నేనూ చర్మవైద్యులం. వీధికి అటు ఆయన క్లినిక్, ఇటు నాది. నడుమ ఉన్నది రెండు ఆటోలు ఒరుసుకుంటూ పోయే రోడ్డే గానీ నా పాలిట అది బంగాళాఖాతం. రేపల్లె రైలు దిగిన జనం సగం మంది నేరుగా ఆయన గుమ్మానికే వచ్చేవారు. ఆ వరస పెరిగి పెరిగి, రోడ్డు దాటి, మా మెట్లెక్కేది. వాళ్ళు నా అరుగు మీద, నా ఫ్యాను కింద కూర్చుని, నా కుండలో నీళ్ళు తాగి, ఆయన పిలుపు కోసం చెవులు నిక్కించేవారు. "ఇక్కడా చర్మం డాక్టరుగారే కదండీ, లోపలికి రండి" అని మా కాంపౌండరు పిలిస్తే, "అవునండి, ఈయన కూడా మంచోరేనండి" అని అతణ్ణే ఓదార్చేవారు. ఆ వరస ఒక్కసారైనా అటునుంచి ఇటు తిరగాలి. నా వైద్యజీవితానికి ఉన్న ఏకైక ఆశయం అది.

ఆయన ఖ్యాతికి మూలం ఖరీదైన యంత్రమేదో కాదు, రోగి చేతిలోని గుడ్డసంచి. కొత్తగా వచ్చినవాళ్ళను చెయ్యి పట్టి చూడకుండానే ఇంటికి తిప్పి పంపేవారు. "ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ సంచిలో వేసుకురా. ఫ్రిజ్జు మీదవీ, బీరువాలోవీ, మీ అత్తగారి తలగడ కిందవీ." మనవైపు జనాన్ని మందులేమైనా వాడుతున్నావా అని అడిగితే లేదండి అంటారు. బీపీ బిళ్ళ మందు కాదు, అది అలవాటు. పక్కింటి పిన్ని ఇచ్చిన నొప్పుల బిళ్ళ మందు కాదు, అది మర్యాద. ఒంటిమీద దద్దుర్లు లేచాయంటే ఆ పాపమంతా వంకాయ కూరది. "వంకాయ తరఫున వాదించేవాడు లేడు తమ్ముడూ, అందుకే అందరూ నేరం దాని నెత్తిన వేస్తారు" అనేవారు నాతో. సంచి బోర్లించి, ఆ బిళ్ళల రాశిని చూపుడువేలితో కెలుకుతూ ఆయన కూర్చుంటే, నవరత్నాలను పరీక్షిస్తున్న చక్రవర్తిలా ఉండేవారు. ఒకసారి నోరంతా పూసి, కళ్ళు చింతనిప్పులై, చర్మం ఉల్లిపొరలా ఊడిపోతున్న ఒక వృద్ధుడి సంచిలోంచి, అప్పుడే కొత్తగా మొదలుపెట్టిన కీళ్ళవాతం బిళ్ళను ఏరి పట్టుకున్నారు. ఆ క్షణమే దాన్ని ఆపించి, తన కారులోనే అతణ్ణి గుంటూరు పెద్దాసుపత్రికి చేర్చారు. ఆ వృద్ధుడు బతికాడు. అందులో వంక పెట్టడానికి ఏమీ దొరక్క, నేను ఆ కారు రంగుకు వంక పెట్టాను.

సంచిలో నేరస్థుడు దొరక్కపోతే వంటింట్లో వెతికేవారు. రేపల్లె దగ్గరి రైతు కోటేశ్వరరావు వీపు మీద నల్లగా అయిదు వేళ్ళ అచ్చు లేచింది. దెయ్యం చరిచిందని ఊరు ఊరంతా తీర్మానించింది. అతను మొదట నా దగ్గరికే వచ్చాడు. నేను తామర పూత రాసిచ్చాను. పది జిల్లాలలో ఎవరు చూసినా అదే రాస్తారని ఇప్పటికీ నా వాదన. దేవసహాయం గారు మాత్రం అతని భార్య వైపు తిరిగారు.

"ఇది లేచే ముందురోజుల్లో నిమ్మకాయలు పిండావా అమ్మా?"

"పులిహోర కలిపానండి."

"ఆ చేత్తో ఇతన్ని ముట్టుకున్నావా?"

ఆమె కొంగు సర్దుకుంది. "పొలానికి పొమ్మంటే కదలట్లేదని, వీపు మీద ఒక్కటి చరిచానండి. గట్టిగా కాదు."

"చొక్కా లేకుండా పొలం వెళ్ళావా కోటేశ్వరరావూ?"

"ఎండ కదండీ."

"అయితే దెయ్యం కాదయ్యా. నిమ్మరసం అంటిన చోట ఎండ తగిలి చర్మం కాలింది. నీ భార్యా సూర్యుడూ కలిసి చేసిన పని. కొన్నాళ్ళకు అదే పోతుంది."

నిమ్మకాయల మార్కెట్టు ఉన్న ఊళ్ళో ప్రాక్టీసు పెట్టుకుని, నాకు నిమ్మకాయ తట్టలేదు. అప్పటినుంచి మా ఇంట పులిహోర నిషిద్ధం.

ఇక మా ఆవిడ సుభద్ర పెదవి సంగతి. కింది పెదవి మీద రూపాయి బిళ్ళంత నల్లమచ్చ మంటతో లేచేది, కొన్నాళ్ళకు మాసేది, మళ్ళీ సరిగ్గా అక్కడే లేచేది. నేను లిప్‌స్టిక్ మాన్పించాను, టూత్‌పేస్టు మార్పించాను, ప్రపంచంలోని సమస్త లేపనాలూ పూశాను. చర్మవైద్యుడి భార్య ముఖాన మచ్చ ఉంటే అది నా బోర్డుకంటే పెద్ద బోర్డు. పెళ్ళిళ్ళలో జనం అక్షింతలు వెయ్యడం మరిచి దాన్నే చదివేవారు. ఒక మధ్యాహ్నం నేను భోజనం చేసి క్లినిక్కుకు వచ్చేసరికి, ఆయన వరసలో, నా అరుగు మీద, ఒళ్ళో సంచి పెట్టుకుని సుభద్ర.

"ఏంటిది, ఇక్కడ కూర్చున్నావు?"

"అటుపక్క ఎండగా ఉందండి. ఇక్కడైతే ఫ్యానుంది."

పిలుపు రాగానే నేనూ వెంట వెళ్ళాను. ఆయన సంచి బోర్లించారు. అందులో ఏమీ దొరకలేదు. నాకు ప్రాణం లేచివచ్చింది.

"ఎప్పుడు లేస్తుంది చెల్లెమ్మా ఇది?"

"బాపట్ల మా అక్క దగ్గరికి వెళ్ళినప్పుడల్లా అన్నయ్యగారూ."

"అక్క ఏం పెడుతుంది?"

"పీతల కూర."

"తిన్నాక?"

సుభద్ర నా వైపు ఓరగా చూసి గొంతు తగ్గించింది. "కడుపు పాడవుద్దండి. అక్క ఒక బిళ్ళ ఇస్తది, తగ్గిపోద్ది. అది మందు కాదులెండి, వాళ్ళింట్లో ఎప్పుడూ ఉండేదే."

ఆయన నా వైపు చూశారు. నవ్వలేదు. నవ్వి ఉంటే ఈపాటికి క్షమించేవాణ్ణి. "పీతలు తిను చెల్లెమ్మా, ఆ బిళ్ళ మాత్రం జన్మలో ముట్టుకోకు. అది పడినప్పుడల్లా మచ్చ అక్కడే లేస్తుంది. చర్మానికి మనకంటే జ్ఞాపకశక్తి ఎక్కువ."

అంతటితో ఊరుకోలేదు. మమ్మల్ని సాగనంపుతూ గుమ్మంలోకి వచ్చి, వరసంతా వినేలా అన్నారు: "మా తమ్ముడు ముందే కనిపెట్టాడు. ఇంట్లోవాళ్ళు ఇంటి డాక్టరు మాట వినరు గదా, నా చేత కూడా చెప్పిద్దామని తీసుకొచ్చాడు." వరస వరసంతా నా వైపు గౌరవంగా చూసింది. నన్ను అవమానించి ఉంటే హాయిగా పగ పెంచుకునేవాణ్ణి. ఆ సౌకర్యం కూడా మిగల్చలేదు మహానుభావుడు. సుభద్ర పెదవి తేటపడింది. ఆనాటినుంచి మా ఇంట పీతల కూర వండిన ప్రతిసారీ మొదటి గిన్నె రోడ్డు దాటేది.

అంత్యక్రియలకు తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకు చర్మమంతా కదిలివచ్చింది. మర్నాడు ఆయన క్లినిక్కుకు తాళం. అరుగు మీద జనం కాసేపు ఆ తలుపు వైపు చూసి, ఒక్కొక్కరే లేచి నా గదిలోకి వచ్చారు. ముందు కోటేశ్వరరావు. అడక్కుండానే నా బల్ల మీద సంచి బోర్లించాడు. నేను బిళ్ళలన్నీ చూశాను. అతను కదల్లేదు.

"ఏంటి కోటేశ్వరరావూ?"

"ఆయనైతే, ఈమధ్య ఎవరింట్లో ఏం తిన్నావని అడిగేవోరండి."

"సరే. ఎవరింట్లో ఏం తిన్నావు?"

చెప్పబోయి, కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. నేను బిళ్ళలు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను. అతను బయటికి వెళ్ళి అరుగు మీది వాళ్ళకు భరోసా ఇవ్వడం వినిపించింది: "ఈయన కూడా అడుగుతున్నాడులే."

వరస ఇటు తిరిగింది. నా ఆశయం ఇంత సంపూర్ణంగా నెరవేరుతుందనీ, ఇంత చేదుగా ఉంటుందనీ ఊహించలేదు. ఎవరిని చూస్తే నాకు ప్రతి ఉదయం అదే చోట భగ్గుమనేదో, ఆ మనిషి ఇక లేరు. వైద్యశాస్త్రం ప్రకారం బిళ్ళ ఆగాక మచ్చ మెల్లగా మాసిపోవాలి. నా లోపలి ఈ మచ్చ మాసిపోకూడదని కోరుకుంటున్న చర్మవైద్యుణ్ణి బహుశా నేనొక్కణ్ణే. దేవసహాయం అన్నయ్యా, నిన్న సుభద్ర పీతల కూర వండింది. అలవాటు కొద్దీ మొదటి గిన్నె తీసి పక్కన పెట్టింది. అది ఇంకా అక్కడే ఉంది.