పొయ్యి ముట్టించని ఇల్లు

తాను పోయాక తన వాళ్లు ఏమని ఏడుస్తారో వినే యోగం ఏ మనిషికీ ఉండదంటారు. నాకు ఉంది. నా శోకాలు నేను చెవులారా విన్నాను. అదీ పట్టపగలు, వికారాబాద్‌లో మా ఇంటి వసారాలో, చల్లటి బండల మీద వెల్లకిలా పడుకుని. ఇంతటి ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. నేను మూడో తరగతితో బడి మానేసిన దాన్ని, రాతలో తప్పులుంటే మీరే దిద్దుకోండి. అన్నం తింటూ మాత్రం చదవకండి, పొలమారితే నా పూచీ కాదు.

ముందు పప్పు సంగతి చెప్పాలి. నా చెల్లెలు చంద్రమ్మను తాండూరులో ఇచ్చారు. అక్కడి కందిపప్పు రుచి తిన్నవాళ్లకే తెలుసు, అందులో చంద్రమ్మ చేయి పడితే ఇక చెప్పేదే లేదు. దాని మనవడి పుట్టెంట్రుకల దావత్‌కు పోయాను. పెద్ద గుండిగలో పప్పు దించారు. గరిటె వదిలేస్తే పడిపోకుండా జెండా కర్రలా నిలబడింది. అంత గట్టి పప్పు చూసి నా ప్రాణం ఊరుకోలేదు.

"గిదేంది చంద్రీ, పప్పా, గోడలు కట్టే గారా? రెండు చెంబుల నీళ్లు పోస్తే ఇంకో బంతి లేస్తది!" అన్నాను.

అని ఊరుకుంటే అది నేనెందుకవుతాను? పోశాను. చెంబు పట్టి, దాని వియ్యాలవారందరూ చూస్తుండగా, రెండు చెంబులూ పోశాను.

చంద్రమ్మ ముఖం ఎర్రబారింది. "అక్కా! నా ఇజ్జత్ తీసినవ్! నీ పిసినారితనం నీ ఇంట్ల సూపెట్టుకో, నా గుండిగల కాదు!"

"పొదుపంటే నీకేమెరుక? నేను బతికున్నన్ని రోజులు నీ చేతి పప్పు ముట్ట, పో!"

"ముట్టకు! మంచిగైంది, నాకు పప్పు మిగుల్తది!"

అంతే. మాటలు తెగిపోయాయి. తాండూరుకూ వికారాబాద్‌కూ మధ్య పొద్దస్తమానం బస్సులు, రైళ్లు తిరుగుతూనే ఉంటాయి. మా ఇద్దరి మధ్య మాత్రం ఒక్క ఫోను తిరగలేదు. నేను పెద్దదాన్ని, ముందు మాట్లాడితే చిన్నతనం. అది చిన్నది, దానికి నాకంటే పొగరు. పైకి ఎవరితోనూ అనలేదు గానీ, ఇంట్లో పప్పు వండిన రోజు నాకు ముద్ద దిగేది కాదు. మా అమ్మ కడుపున పుట్టింది మేమిద్దరమే. ఏదో ఒకరోజు అది వస్తుందని గుమ్మం వైపు చూసేదాన్ని. చూడనట్టు చూసేదాన్ని.

ఇలా రెండేళ్లు గడిచాయి. ఇంతలో నా మోకాళ్లు పట్టేశాయి. మా మనవరాలు శ్రావణి ఫోను పట్టుకొచ్చి నా ముందు పెట్టింది.

"నానమ్మా, గీ తాతను చూడు. పొయ్యి మీద వండింది ఏదీ తినడంట. అన్నీ పచ్చివే. రోజు గుట్ట ఎక్కి దిగుతడంట."

ఫోనులో గడ్డపాయన ఒకడు క్యారెట్టు కొరుకుతూ, "వండిన తిండి చచ్చిన తిండి. పచ్చిదే ప్రాణమున్న తిండి. తినండి, కదలండి" అంటున్నాడు.

"మరి గ్యాసో?" అనడిగాను.

"గ్యాసెందుకు నానమ్మా, వండేదే లేకపాయె."

"నూనె?"

"వద్దు."

"గిన్నెలు తోమే సబ్బు?"

"గిన్నెలే మాడవు గద!"

ఆ గడ్డపాయన ఏ ఊరివాడో తెలియదు, ఆ క్షణంలో నాకు సాక్షాత్తూ దేవుడిలా కనిపించాడు. ఆరోగ్యం కోసం కాదు, ఆ సబ్బు మాటతోనే నేను పడిపోయాను.

తర్వాత కొన్నాళ్లకు కొడుకు, కోడలు, శ్రావణి తిరుపతికి బయలుదేరారు. బర్రెను చూసుకోవడానికి నేను ఆగాను. "అత్తమ్మా, జర వండుకోని తినుండ్రి" అని కోడలు ఆటో ఎక్కేదాకా చెబుతూనే ఉంది. "నా ఫికర్ పెట్టుకోకు" అన్నాను. ఆటో మలుపు తిరగ్గానే గ్యాస్ బండ కట్టేసి, పొయ్యి మీద పాత చీర కప్పాను. బీదవాళ్ల ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవలేదంటారు. మా ఇంట్లో పిల్లి ఆ చీర మీద కాపురమే పెట్టింది.

ఇక నా తపస్సు మొదలైంది. తెల్లవారి లేచి అనంతగిరి గుట్ట దారి పట్టేదాన్ని. గడ్డపాయన చెప్పినట్టు చేతులు ఊపుతూ దబదబా నడుస్తుంటే ఒక ఆటో పక్కకొచ్చి ఆగింది.

"ఏడికి ఉరుకుతున్నవ్ అవ్వా, దవాఖానకా? ఎక్కు."

"ఏడికి లేదు బిడ్డా. ఉత్తగనే నడుస్తున్న."

"ఉత్తగ ఎవరన్న నడుస్తరా? పైసలు లేకుంటే మాయె, ఎక్కు!"

పైసలు లేకున్నా ఫర్వాలేదంటే నా కాళ్లు వాటంతట అవే ఆటో వైపు తిరిగాయి. చెబితే నమ్మరు, బలవంతంగా వెనక్కి తిప్పుకున్నాను. జీవితంలో ఉచితంగా వచ్చినదాన్ని కాదనడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చాక తిండి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట. నాకు దవడపళ్లే లేవు, నేను క్యారెట్టుకు ఎగిరాను. చప్పరించి చప్పరించి దాన్ని అరగదీసేసరికి మధ్యాహ్నమైంది. సొరకాయ ముక్కలు తిన్నాను, బీరకాయ తిన్నాను, పాలకూర ఉత్తదే నమిలాను. బర్రె ముందు దాని గడ్డి, నా ముందు నా గడ్డి. అది నెమరేస్తూ నా వైపు చూసేది. 'నీకు ఇదంతా ఎందుకే తల్లీ' అన్నట్టుండేది ఆ చూపు. దానికి కనీసం అరిగేది.

గోడ అవతలి ఇంటి బాలమణి ఊరుకునే మనిషి కాదు. మా కుక్కర్ కూత వినబడక దానికి నిద్ర పట్టలేదు కాబోలు, గోడ మీద నుంచి తల పెట్టింది.

"ఏమైంది పెద్దమ్మా? మూడొద్దులాయె, పొయ్యి ముట్టిస్తలేవు?"

పచ్చి సొరకాయ తింటున్నానంటే ఊరంతా నవ్వుతుందని భయం. అందుకని ముఖం గంభీరంగా పెట్టి, "ఈ ఇంట్ల ఇగ పొయ్యి ముట్టదు బాలమణీ. ఎందుకని అడగకు" అన్నాను.

ఇదిగో, కొంప మునిగింది ఇక్కడే.

మా వైపు పొయ్యి ముట్టని ఇల్లంటే అర్థం ఒక్కటే. మనిషి పోయిన ఇంట్లో పొయ్యి ముట్టించరు. దగ్గరి చుట్టాలు తమ ఇళ్లల్లో వండి తెచ్చి, ఏడ్చినవాళ్లకు పెడతారు. పుట్టినప్పటి నుంచి నాకు తెలిసిన సంగతే ఇది. గడ్డపాయనకు తెలియకపోతే పోనీ, నాకేమైంది?

బాలమణి ఊరికే మాటవరసకు ఈ ముక్కను తాండూరులోని తన వదినకు ఫోనులో చెప్పింది. ఆ వదిన పిండి గిర్ని దగ్గర చంద్రమ్మను చూసి, "మీ అక్క ఒక్కతే ఉందంట, వాళ్ల ఇంట్ల మూడొద్దుల సంది పొయ్యి ముట్టియ్యలేదంట గద!" అంది. ఆ మాట విన్నాక ఇంకెవరు వివరాలడుగుతారు? చంద్రమ్మ పిండి డబ్బా అక్కడే వదిలేసింది. నాకు ఫోను చేసింది. చార్జింగ్ వృథా అని నేను నా ఫోనును ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టి ఉన్నాను. నా కొడుక్కు చేసింది. వాడు దర్శనం లైనులో ఉన్నాడు, ఫోను కింద అప్పజెప్పి పోయాడు. ఇంట్లో మిగిలింది ముసలిది ఒక్కతే, పొయ్యి ముట్టలేదు, ఫోను ఎత్తడం లేదు. దాని లెక్క తేలిపోయింది.

ఆ పూట ఇక్కడ నా లెక్క కూడా తేలేటట్టే ఉంది. నానబెట్టిన పచ్చి శనగలు దోసెడు తిన్నాను. మిగిలితే పాడవుతాయని ఇంకో దోసెడు తిన్నాను. బండలో ఆదా చేసిన గ్యాసంతా వచ్చి నా కడుపులో చేరింది. కూర్చోలేను, నిలబడలేను. చల్లగా ఉంటుందని వసారా బండల మీద వెల్లకిలా పడుకుని, ఈగలు ముసురుతుంటే తలనుంచి కాళ్లదాకా తెల్లటి దుప్పటి కప్పుకున్నాను. ఇంకేం కావాలి?

గేటు కిర్రుమంది. ఏదో గిన్నె బండ మీద పెట్టిన చప్పుడు. ఆ వెంటనే నా గుండెల మీద ఒక మనిషి దబ్బున పడింది.

"ఓ అక్కా! నన్నిడిసి పోతివా అక్కా! ఒక్క అగ్గిపుల్లను రెండుగ చీరి ముట్టిస్తివి గదే అక్కా! చాయపత్తను ఎండబెట్టి మళ్ల మరిగిస్తివి గదే! అంత దాచిపెట్టి ఏం కట్టుకపోతివే!"

రెండేళ్ల తర్వాత విన్న గొంతు. కదలబోయాను, కడుపు కదలనివ్వలేదు. సరే, ఇంకేమంటుందో విందామని ఊరుకున్నాను. మీరైతే లేచేవారా? నిజం చెప్పండి.

"అమ్మ పోయినంక నాకు తలకు పోసింది నువ్వే గదే అక్కా! నీ కొంగు చింపి నాకు రిబ్బన్లు కడితివి గదే! రెండు చెంబుల నీళ్లకు నీతోటి మాట్లాడనైతి! నాలుగు చెంబులు పోసినా ఏమయ్యేది నాకు!"

దుప్పటి కింద నా కళ్ల వెంట నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. లేచి దాన్ని పట్టుకోవాలని ఉంది. కానీ లేస్తే ముందు మాట్లాడింది నేనవుతానేమోనన్న పాడు బుద్ధి అప్పటికీ చావలేదు. ఇంతలో ఆ గిన్నె మీద కట్టిన గుడ్డలోంచి వాసన వచ్చింది. వెల్లుల్లి, ఎండుమిర్చి, తాండూరు కందిపప్పు. మూడు రోజుల సొరకాయ ముందు ఆ వాసన నిలబడితే నా పంతం ఎంత?

దుప్పటి కిందనుంచే అడిగాను. "చంద్రీ, పప్పుల చింతపండు ఏసినవా?"

చంద్రమ్మ వేసిన కేకకు బర్రె తాడు తెంపుకుంది. పిల్లి పొయ్యి దిగింది. బాలమణి గోడ దూకింది. గేటు ఉందన్న సంగతి కూడా మరిచిపోయింది.

నేను దుప్పటి తీసి లేచి కూర్చున్నాను. చంద్రమ్మ నన్ను తడిమింది, గిల్లింది, తర్వాత వీపు మీద రెండు చరిచింది. "బతికే ఉన్నవా? బతికే ఉండి నా ఏడుపంత ఇన్నవా?"

"ఇన్న. మంచిగ ఏడ్చినవ్. ఆ చాయపత్త ముచ్చట ఒక్కటే నచ్చలే."

అది ఏడుస్తూనే నవ్వింది. నేను నవ్వుతుంటే కడుపు నొప్పి. సొరకాయ సంగతి, శనగల సంగతి అన్నీ చెప్పాను. బాలమణి లోపలికి పోయి పళ్లెం తెచ్చింది. అన్నం పెట్టి, పప్పు పోయబోయిన చంద్రమ్మ చేయి ఆగింది.

"అయినా అక్కా, బతికున్నన్ని రోజులు నా పప్పు ముట్టనంటివి గద. అందుకే గిన్ని రోజులు తేలే. చచ్చినవంటే, ఇగ ఒట్టు తీరింది గదా అని తెచ్చిన. ఇప్పుడేం జేద్దాం?"

"పప్పు పొయ్యవే," అన్నాను. "చచ్చినదాన్ని మళ్ల బతికిచ్చినవ్. పాత ఒట్లు పాత జన్మకు."

తిన్నాను. పప్పు గట్టిగా ఉంది. గరిటె నిలబడేంత గట్టిగా. ఒక చెంబుడు నీళ్లు పోస్తే బాలమణి ఇంటికి కూడా సరిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. చంద్రమ్మ నా ముఖమే చూస్తోంది. పక్కనే చెంబూ ఉంది. ఆ మాటను అలాగే గుటుక్కున మింగి, "మస్తుగుంది చెల్లే" అన్నాను.

అందుకే నలుగురి ముందు ప్రమాణం చేస్తున్నాను. ఆకలి ఉన్నా లేకపోయినా, గ్యాస్ ఎంత పిరమైనా, మా ఇంట్లో రోజూ పొయ్యి ముట్టుతుంది. కనీసం ఊరి కోసమైనా కుక్కర్ కూత వేస్తుంది. గుట్ట దాకా నడక మాత్రం మానను, దానికి ఖర్చు లేదు. ఇక పచ్చి తిండి అంటారా, వండకుండా మింగిన వాటిలో నాకు అరిగింది ఆ నీళ్ల మాట ఒక్కటే. ఇకముందు కూడా పచ్చిగా మింగితే అదే మింగుతాను, ఇంకేదీ మింగను.