తాళం తప్పిందని రాశాను

ఆ వీధి డాన్సు సినిమా రెండో భాగం విడుదలైన శుక్రవారం నేను కాలేజీకి సెలవు పెట్టి ప్రొద్దుటూరులో పొద్దున ఆటకు వెళ్లాను. నేను ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెబుతాను. ఆరేళ్లుగా హైదరాబాదు నుంచి నడిచే ఒక వెబ్‌సైటుకు సినిమా సమీక్షలు కూడా రాస్తున్నాను. మామూలుగా సినిమాకు పోయేటప్పుడు నాకు ఏ ఆత్రమూ ఉండదు. ఆ రోజు మాత్రం తెల్లవారినప్పటి నుంచి కాలు ఒక చోట నిలవలేదు. కారణం నా స్నేహితుడు. చివరి పోటీ డాన్సులో ముందు వరుసలో ఆడింది అతనే.

అతనిది జమ్మలమడుగు. తండ్రి కువైట్‌లో పనిచేసి తిరిగొచ్చి పెట్టిన వెల్డింగు షాపును ఇప్పుడతను చూసుకుంటున్నాడు. ఇరవై ఏళ్ల వయసులో మేమిద్దరం ఒకే బృందంలో వీధి డాన్సు చేసేవాళ్లం. ఆదివారం పొద్దున ప్రొద్దుటూరు బట్టల అంగళ్లు మూసి ఉండేవి. ఆ షట్టర్ల ముందు అట్టపెట్టెలు పరుచుకుని, వాటి మీద తలకిందులుగా తిరగడం నేర్చుకున్నాం. నేను నెల రోజులు తిప్పలు పడి నేర్చుకున్న అడుగును అతను ఒక్క పూటలో పట్టేసేవాడు. పైగా దాన్ని నాకంటే అందంగా వేసి, "ఇట్ల గదా మామా?" అని నన్నే అడిగేవాడు. ఉద్యోగం దొరికాక నేను ఆట మానేశాను. అతను మానలేదు.

మొదటి భాగం చిన్న సినిమా. పేరున్న నటులు ఎవరూ లేరు. నిజమైన వీధుల్లో, నిజంగా వీధుల్లో ఆడేవాళ్లతో తీశారు. విమర్శకులంతా నెత్తిన పెట్టుకున్నారు. అందులో నా స్నేహితుడు రెండో వరుసలో అర నిమిషం కనిపిస్తాడు. నేనూ బాగా పొగుడుతూ రాశాను. డబ్బులు వచ్చిన సినిమాకు రెండో భాగం రాకుండా ఉండదు కదా. ఈసారి పెద్ద కంపెనీ చేతిలో పడింది. అయినా చివరి పోటీకి మా జమ్మలమడుగు బృందాన్నే పెట్టుకున్నారని తెలిసి ఊరంతా సంబరపడింది.

సగం సినిమా హీరో దుఃఖంతోనే గడిచిపోయింది. మిగతా సగంలో అతని బూట్లు, అతను తాగే కూల్‌డ్రింకు కనిపించినంతగా డాన్సు కనిపించలేదు. చివరికి పోటీ వచ్చింది. నా స్నేహితుడు తెర నిండా కనిపించాడు. నేను సీటు అంచుకు జరిగాను. పాట మొదలైంది. రెండు నిమిషాలైనా కాలికీ పాటకూ పొంతన కుదరలేదు. పాటలో దెబ్బ పడినప్పుడు కాలు గాల్లో ఉంది. కాలు నేలను తాకినప్పుడు పాట ముందుకు పోయింది. వెనక వరుసలో ఎవరో అరిచారు.

"ఏందిరా, వీళ్లు చెవులల్లో దూది పెట్టుకోని ఆడతాండారా?"

హాలంతా నవ్వింది. నాకు సిగ్గుగా అనిపించింది, అది నిజమే. కానీ దాని అడుగున ఇంకొకటి కూడా ఉంది. ఎండలో నడిచొచ్చి కుండ నీళ్లు తాగినప్పుడు కడుపులోకి దిగే చల్లదనం లాంటిది. అప్పుడు దానికి పేరు పెట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

థియేటరు ఎదురుగా ఉన్న టీ అంగట్లో కూర్చుని ఫోనులోనే సమీక్ష రాశాను. మధ్యాహ్నం లోపల పంపాలి, లేకపోతే వేరే సైట్లు ముందు పెట్టేస్తాయి. కథ గురించి, బూట్ల గురించి నాలుగు మాటలు రాశాక చివర ఒక వాక్యం పెట్టాను: "మొదటి భాగంలో నేలను మోగించిన కాళ్లకు ఈసారి తాళం తప్పింది." రాసి రెండుసార్లు చదువుకున్నాను. బాగుందనిపించింది. పంపేశాను.

సాయంత్రానికి అన్ని చోట్లా సినిమాను ఉతికి ఆరేశారు. చాలామంది తప్పును డాన్సు చేసినవాళ్ల మీదే వేశారు. పెద్ద పత్రికల సమీక్షలు కూడా 'సాధన లోపించింది', 'బద్ధకపు అడుగులు' అన్నాయి. అయితే జనానికి పట్టుకుంది నా వాక్యమే. ఎవరో నా స్నేహితుడు గాల్లో ఉన్న ఫొటో తీసుకుని, కింద నా వాక్యాన్ని పెద్ద అక్షరాలతో పెట్టి వదిలారు. మా కాలేజీ అధ్యాపకుల గ్రూపులోకి కూడా అది వచ్చింది. "మీ వాక్యమే కదా సార్!" అని ఒకాయన మెచ్చుకున్నాడు.

నా స్నేహితుడు ఫోను చేయలేదు. ప్రతి సినిమాకూ నేను రాసింది చదివి ఏదో ఒకటి అనే మనిషి. శుక్రవారం పోయింది. శనివారం ఛందస్సు పాఠం చెబుతూ బోర్డు మీద గురువు ఉండాల్సిన చోట లఘువు గుర్తు పెట్టాను. ముందు బెంచీ అమ్మాయి లేచి తప్పు చెప్పేదాకా నాకు తెలియలేదు. అన్నం ముందు కూర్చుని ఫోను తీసి చూడటం, పక్కన పెట్టడం, మళ్లీ తీయడం. చేయాలనుకుంటే నేనే చేయొచ్చు. ఏమని చేయాలి?

ఆదివారం పొద్దున్నే జమ్మలమడుగు బస్సెక్కాను. షాపుకు తాళం వేసి ఉంది. ఇంటికి వెళితే అతని భార్య ముందు గదిలో కుట్టుమిషను మీద జాకెట్ కుడుతోంది.

"యాడికి పోయినాడమ్మా మా వాడు?" అని అడిగాను.

"పులివెందులకు. ఎవరిదో కొత్తిల్లంట, కిటికీలకు గ్రిల్లు బిగించేకి పోయినాడు." మిషను ఆపలేదు.

"నా మీద కోపంగా ఉన్నాడా?"

మిషను ఆగింది. "నువ్వు రాసింది అందరం సదివినాం అన్నా. వేరేవాళ్లు శానా మంది రాసినారు, వాళ్లకు ఈయన ఎవరో తెలీదు. అవన్నీ సదివి నవ్వుకున్నాడు. నీది మాత్రం పైకి సదివి ఇనిపించమన్నాడు నన్ను. నేను సదవల్యా, ఫోను పక్కన పెట్టేసినా." దారం తెంపి నా వైపు చూసింది. "టీ తాగుతావా?"

వద్దని చెప్పి బస్టాండుకు వచ్చాను. ముద్దనూరు మీదుగా పోయే పులివెందుల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ముద్దనూరులో ఆగినప్పుడు, వెనక్కి పోదామని లేచి తలుపు దాకా వచ్చాను. ఏం ముఖం పెట్టుకుని పోవాలి? మళ్లీ వెళ్లి కూర్చున్నాను. మళ్లీ లేచాను. కండక్టరుకు విసుగొచ్చింది.

"దిగుతావా కూర్చుంటావా, ఏదో ఒగటి తేల్చుకో అప్పా!"

కూర్చున్నాను.

కొత్తిల్లు కదిరి రోడ్డులో ఉంది. నేను పోయేసరికి అతను మెట్ల మీద నిలబడి కిటికీ చట్రానికి స్పానరుతో బోల్టులు బిగిస్తున్నాడు. నన్ను చూసి దిగలేదు.

"ఇంత దూరం వచ్చినావు, ఏంది మామా?"

"నిన్ను చూసిపోదామని."

"సినిమాలో చూసినావు గదా. ఇంగ ఏం చూస్తావు?"

అతను బోల్టు బిగించడం పూర్తిచేసి, కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

"ఒగటి అడుగుతా చెప్పు. మేము ఎన్ని దెబ్బలకు ఆడినామో లెక్క పెట్టినావా?"

పెట్టలేదు. తల అడ్డంగా ఊపాను. అతను స్పానరుతో ఇనుప చట్రం మీద మెల్లగా కొట్టాడు. తకిట తకధిమి. తకిట తకధిమి.

"ఏడు. ఆ పాట ఏడు దెబ్బల నడక. మన పలక డప్పులోళ్లను పిలిపించి వాయించినారు. ఇరవై దినాలు దాని మీదనే ఆడినాం, దాని మీదనే తీసినారు. కడాకు ఆ వాయింపు పాతగా ఉందని ఎవరో అన్నారంట. దాన్ని తీసి ఇంగో పాట అతికించినారు. అది నాలుగు. కాళ్లు ఏడుకు పోతాంటే పాట నాలుగుకు పోతాంటే, యాడ కలుస్తాది మామా?"

"నాకు ముందే చెప్పల్యా నువ్వు?"

"నాకు తెలిస్తే గదా! హాల్లో కూర్చున్నాకే తెలిసింది నాకు. మా ఆడోళ్లను, మా నాయనను తీసకపోయినా చూపిద్దామని." స్పానరును జేబులో పెట్టుకున్నాడు. "హైదరాబాదులో కూర్చొని రాసేటోళ్లకు తెలీకపోవచ్చు. నువ్వు ఆడినోడివి. పాట ఇడిచిపెట్టి కాళ్లు చూసింటే నీకు తెలిసేది."

అదే నిజం. చూడటానికి నాకు కళ్లున్నాయి, లెక్క పెట్టడానికి చదువూ ఉంది. లెక్క పెట్టాలని మాత్రం అనిపించలేదు.

"నాకు మళ్లా చూపించు" అన్నాను. "ఇప్పుడే."

మొదట ఒప్పుకోలేదు. పని ఉందన్నాడు. నేను ఆ ఇంటి గడప దగ్గరే కూర్చుండిపోయాను. గంట తర్వాత, మిగతా రెండు కిటికీలు బిగించి, చేతులు కడుక్కుని, "పా" అన్నాడు.

పులివెందులలో మ్యాట్నీ ఆటకు హాల్లో పాతిక మంది కూడా లేరు. వెనక మూలలో కూర్చున్నాం. అతని ఫోనులో వాళ్లు సాధన చేసిన అసలు పలకల పాట ఉంది. పోటీలో చివరి నిమిషంన్నర కత్తెర పడని ఒకే షాట్ అనీ, అక్కడైతే కుదురుతుందనీ చెప్పాడు. ఆ ఘట్టం దగ్గరికి రాగానే ఇయర్‌ఫోన్లు నా రెండు చెవుల్లో పెట్టి, తెర మీద తన కాలు లేచే క్షణం కోసం బొటనవేలు ఫోను మీద ఆనించి చూశాడు. నొక్కాడు.

మొదటిసారి కొంచెం వెనకబడింది. అతను గబగబా సర్ది మళ్లీ నొక్కాడు. అంతే. పలక మోగింది, కాలు పడింది. రెండూ ఒక్కటే. శుక్రవారం నాకు తడబాటుగా కనిపించింది నిజానికి ఆగడం. మూడు దెబ్బలు కొట్టి, శరీరాన్ని గాల్లో ఆపి, నాలుగును నేల మీద పరిచినట్టు వేస్తున్నాడు. ఆరుగురూ ఒక్క మనిషిలా వేస్తున్నారు. ఏ ఫొటో కింద నా వాక్యం తగిలించారో ఆ గెంతు వచ్చింది. అది ఏడో దెబ్బ మీద సూదిమొనంత కచ్చితంగా దిగింది. అంత కష్టమైన అడుగు నేను ఎవరి దగ్గరా చూడలేదు. చెవుల్లో పలకల మోత వల్ల బయటి శబ్దం వినపడలేదు కానీ, ముందు వరుసలో ఇద్దరు తెర వైపు చేతులు చూపించి నవ్వుకోవడం కనిపించింది. పక్కకు చూశాను. వాళ్లు వినే పాటే అతనూ వింటున్నాడు. నాకు వినిపిస్తున్నది అతనికి వినిపించడం లేదు. అయినా పెదవులు కదులుతున్నాయి. తకిట తకధిమి.

నేను ఏడ్చాను. అతను చూసి, ఇయర్‌ఫోన్లు లాగేసి, "లేయ్ మామా, బస్సు పోతాది" అన్నాడు.

ఆ సాయంత్రమే వెబ్‌సైటు ఎడిటరుకు ఫోను చేసి సమీక్ష మార్చమన్నాను. "శుక్రవారం రాసింది ఆదివారం మారిస్తే మన పరువు ఏమవుతుంది?" అన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు. చివరికి, కావాలంటే విడిగా ఇంకొకటి రాసుకోమన్నాడు. రాశాను. ఏడు దెబ్బల సంగతి, పాట మార్చిన సంగతి, నేను చూడకుండా తీర్పు చెప్పిన సంగతి. ఆ వాక్యం నాదేనని, అది తప్పని రాశాను. చదివినవాళ్లు తక్కువ. కింద ఇద్దరు ముగ్గురు, స్నేహితుడి కోసం రాశావనీ, డబ్బులు ముట్టాయా అనీ అడిగారు. సినిమా కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. రెండో వారానికి సినిమానే హాళ్లలో లేదు.

అసలు పని చేసింది అతని భార్య. సాధన చేసే రోజుల్లో ఆమె ఫోనుతో తీసిన వీడియో ఒకటి ఉందట. ఎవరికీ చెప్పకుండా, పలకల మోతతో సహా దాన్ని నెట్‌లో పెట్టింది. పైన ఒక్క మాట రాసింది: "ఇది అసలుది." మూడు రోజుల్లో నా ఫోనుకే నలుగురు వేర్వేరు మనుషులు పంపారు. నన్ను మెచ్చుకున్న అధ్యాపకుడు కూడా పంపాడు, ఏమీ అనకుండా. అది చూసి బెంగళూరు నుంచి ఒక డాన్సు బృందంవాళ్లు తమ పిల్లలకు ఆ నడక నేర్పమని పది రోజులకు పిలిచారు.

బెంగళూరు బస్సు ప్రొద్దుటూరులో మధ్యాహ్నం ఎక్కుతున్నానని అతను చెబితే బస్టాండుకు వెళ్లాను. నా రెండో వ్యాసం గురించి అతను అంతవరకూ ఎత్తలేదు. నేనే అడిగాను.

"సదివినా. శానా పొడుగు రాసినావు" అన్నాడు.

బ్యాగు పైకి అందించాను. ఇంజను స్టార్టు చేశారు. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనని తెలుసు.

"అప్పా, ఆ పొద్దు నీ కాలు తప్పిందనుకున్నప్పుడు... నాకు లోపల కొంచెం సంతోషం అయింది."

అతను మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయాడు.

"రెండోసారి రాసిన దాంట్లో అది రాయల్యానే?"

"రాయలేదు."

"రాయొద్దులే. మా ఇంట్లో ఆమె సదువుతాది."

నవ్వాడో లేదో తెలియలేదు. లోపలికి వెళ్లిపోయాడు. బస్సు మలుపు తిరిగాక నేను ఇంటి దారి పట్టలేదు. బంగారు అంగళ్ల వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. మళ్లీ వెనక్కి నడిచాను. ఒక అంగట్లో తెలిసినాయన పిలిచి, ఏం కావాలి సార్ అని అడిగాడు. ఏమీ వద్దని చెప్పి, మళ్లీ నడిచాను.