పెదనాన్న గొంతుకు అందని పాట

మొన్న జనగామ నుంచి మానుకోటకు రైల్లో వస్తూ ఫోన్లో ఏదో వెతుకుతుంటే ఒక రష్యన్ చర్చి పాట తగిలింది. వాద్యం లేదు, మగ గొంతులే, ఒకదాని కింద ఒకటి. వెంటనే గుర్తుపట్టాను. కానీ నేనెరిగిన పాట ఇంత పైస్థాయిలో లేదు, ఇంత త్వరగానూ నడవలేదు. కారణం తట్టాక ఫోను కట్టేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

పెద్దవంగర దగ్గర మా పెద్దమ్మ వాళ్ల ఊరి చర్చిలో పెదనాన్నది అన్నిటికన్నా కింద పలికే అడుగు గొంతు. తెల్లదొరల కాలంలో నేర్చిన ఇంగ్లిషు కీర్తనలను అక్కడ నాలుగు గొంతులుగా పాడేవారు. హార్మోనియం ముందు నడిచేది. ఎవరైనా దారి తప్పితే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది. నేను పత్రికలో చేరిన కొత్తలో, హైదరాబాదు పాతసామాన్ల సంతలో దొరికిన రష్యన్ క్యాసెట్టును, నా పాత టేప్ రికార్డరును, అందులోని వాడేసిన సెల్లులతో సహా ఆయనకిచ్చాను. నాలుగు రోజులు పాడి అది మూగబోయింది. అప్పటికే పాట ఆయనకు పట్టుబడింది. మాటలు తెలియక ‘ప్రభువా, కరుణించు’ అని తనే పెట్టుకుని, తోటి గాయకులు ముగ్గురికి నేర్పాడు. పొద్దున్నే, గొంతు ఇంకా బరువుగా ఉన్నప్పుడు, మిరపతోటలో సాధన చేస్తే ఆ లోతు ఎలాగో అందేది.

“ఏందయ్యా, పాటనా, బర్రె మొత్తుకుంటున్నదా?” అనేది పెద్దమ్మ.

“ఆ దేశపోళ్ల గొంతులు బాయిలకెల్లి వస్తయే. నీకేం ఎరుక!”

ఆమె మంచాన పడ్డాక ఒకరోజు, “నేను పోయిన్నాడు గా హార్మోనియం పెట్టె మోగియ్యొద్దు. నీ బర్రె పాటనే పాడు” అంది. నవ్వుతూనే అంది. ఆయన నవ్వలేదు, తలూపాడు.

సమాధి దగ్గర పెదనాన్న తమ్ముడు, చర్చిలో హార్మోనియం వాయించేవాడు, అడిగాడు: “పెట్టె లేకుంట శ్రుతి ఎట్ల అందుకుంటవన్నా?”

“యాదికున్నది తమ్మీ.”

యాదిలో ఉన్నచోటే అందుకున్నాడు. మిగతా ముగ్గురూ అంత కిందికి దిగలేక ఆగిపోయారు. రెండో వరుసకు ఆయన గొంతూ అడుగంటింది. గాలి వచ్చింది, పాట రాలేదు. గుప్పిట్లో మట్టి పట్టుకుని జనం ఎదురుచూశారు. చివరికి తమ్ముడు హార్మోనియం తెరిచి పాత కీర్తన ఎత్తుకున్నాడు.

“అది అడిగింది ఒక్కటే బిడ్డా. గదిగూడ ఇయ్యలేకపోయిన” అన్నాడు పెదనాన్న నాతో. మళ్లీ చర్చిలో గొంతెత్తలేదు. చాలాకాలం అక్కడ మూడు గొంతులతోనే పాడుకున్నారు.

సెల్లులు అయిపోవస్తే టేపు మెల్లగా తిరుగుతుంది, గొంతులు కిందికి దిగుతాయి. ఆయన అందుకోబోయిన లోతు ఆ గాయకులు పాడింది కాదు, నా సెల్లులు తెచ్చిపెట్టింది. అసలు పాట ఆయనకు సులువుగా అందేది. ఆ మాట చెబుదామంటే ఆయన పోయి ఎన్నో ఏళ్లు. కాలం సంగతులను దాచిపెట్టదు. వినవలసినవాళ్లు వెళ్లిపోయేదాకా ఆగి చెబుతుంది, అంతే.