మస్తాన్ మామ తొందరపడి అనని మాట

బడి వెనక పొలంలో పొద్దున్నుంచి బోరు లారీ రాయి తొలుస్తోంది. తడిసిన రాతిపొడి వాసన క్లాసులోకి వచ్చినప్పుడల్లా నాకు మస్తాన్ మామ గుర్తొస్తాడు. కొత్తచెరువు దగ్గర మా ఊళ్లో ఆయనది మా పక్కిల్లే. బోర్లలోంచి మోటార్లు పైకి తీసి, బాగుచేసి, మళ్లీ దించడం ఆయన పని.

మా వైపు ఫెయిల్ అనే ఇంగ్లీషు మాటకు తీరికే ఉండదు. వాన ఫెయిల్, వేరుశనగ ఫెయిల్, ఆటోకు బ్రేకు ఫెయిల్, పెద్దాయనకు కిడ్నీ ఫెయిల్. కుదిరిందనుకున్న పెళ్లి చెడిపోయినా ఫెయిలే. ఊరంతా దాన్ని ఉప్పులా వాడుకుంటుంటే మస్తాన్ మామ ఒక్కడే పిసినారి. బోరు ఎండిందని కబురొస్తే మోటారు తీసి, మూడు రోజులు ఆగమనేవాడు. మూడో రోజు పొద్దున్నే వచ్చి, బోరు పైపులో ఒక గులకరాయి వేసి, పైపు మూతికి చెవి ఆనించి వినేవాడు. రాయి పడిన చప్పుడును బట్టి నీళ్లు ఊరాయో లేదో చెప్పేవాడు. అంతదాకా ఎవరెంత అడిగినా ఆయన నోట ఆ మాట వచ్చేది కాదు. "ఈ మనిషికి నోట్లో మాట ఊరేదానికి కూడా మూడు దినాలు గావల్ల" అని మా నాయన ఎగతాళి చేసేవాడు.

నేను ఇంటర్ లెక్కల్లో తప్పిన వారమే మా బోరు కూడా ఎండింది. "సదువూ ఫెయిలే, బోరూ ఫెయిలే. ఇంగ హిందూపురం గార్మెంట్స్‌కు పోమ్మా" అన్నాడు నాయన. కోపంతో కాదు, అలసిపోయి. చదువుకోవాలని నాకు ప్రాణం కొట్టుకుంటోంది. తప్పినదాన్ని, ఏ మొహం పెట్టుకుని అడగను?

మోటారు తీయడానికి వచ్చిన మస్తాన్ మామ చేతుల గ్రీజు తుడుచుకుంటూ నన్ను అడిగాడు. "ఏ లెక్క కాడ నిలబడిపోయినావు?"

"తెలీదు మామా."

"సూడకుండానే మూత పెట్టేస్తే ఎట్లప్పా?" అంటూ నాయన వైపు తిరిగాడు. "రామప్పన్న బోరును నేను ఒక్క పూటలో ఫెయిలని చెప్పినా. నా మాట నమ్మి చీనీచెట్లన్నీ కొట్టేయించినాడు. మూడో దినానికే ఆ బోర్లో నీళ్లు ఊరినాయి. ఆ చెట్లు యాడనుంచి తెచ్చియ్యల్ల నేను?"

ఆ బత్తాయి తోట సంగతి ఊరందరికీ తెలిసిందే. ఆయన నోట వినడం మాత్రం అదే మొదలు. నాయన "సరే, ఇంగొక్కసారి రాయనీ" అన్నాడు.

మూడో రోజు మామ రాయి వేసి, విని, లేచి వచ్చి నాయన భుజం మీద చెయ్యి వేశాడు. "లేదప్పా. ఫెయిలే." నేను మాత్రం సప్లిమెంటరీలో గట్టెక్కాను.

మామ ఇప్పుడు లేడు. నేను లెక్కలే చెబుతున్నాను. తప్పిన పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ ఆగిపోయారో దొరికేదాకా వెతుకుతాను. ఈ ఓపిక ఆయన పెట్టిన భిక్షే. అయినా ఉద్యోగం కొత్తలో ఒక అమ్మాయి విషయంలో తొందరపడ్డాను. "ఈమెకు లెక్కలు రావు, ఇక మీ ఇష్టం" అని వాళ్లమ్మతో అనేశాను. మరుసటి రోజు నుంచి ఆ పిల్ల బడికి రాలేదు. కదిరి బస్టాండులో కనిపించినప్పుడల్లా "బాగుండారా మేడం" అని నవ్వుతూ పలకరించి, నా సంచీ అందుకుని బస్సులో పెడుతుంది. తప్పు నాదేనని ఆ పిల్లతో చెప్పాలని ప్రతిసారీ అనుకుంటాను. మామ ఆ రోజు మా ముందు చెప్పుకున్నంత ధైర్యం నాకు ఇంకా రాలేదు.