బండారవెలలో బావ విసిరిన సంచి

మా అక్క సుశీలకి పెళ్లయి ముప్పై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో ఆమె వెళ్లిన దూరపు ఊళ్లు రెండే. ఒకటి తిరుపతి, రెండోది గుంటూరులో పెద్దాసుపత్రి. వినుకొండ దగ్గర పల్లెలో వాళ్లకి ఐదెకరాల మిరప ఉంది. ఎక్కడికైనా పోదామని అక్క ఎప్పుడడిగినా మా బావ కోటేశ్వరరావు దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది. నారు పోస్తున్నాం అంటాడు, మందు కొట్టాలి అంటాడు, కోతలున్నాయి అంటాడు, కాయ కల్లంలో ఉంది అంటాడు. సంవత్సరంలో మిగిలిన ఆ కొద్ది రోజులూ ఎండలు అంటాడు.

నేను అద్దంకిలో సోషల్ టీచర్ని. పిల్లలకి శ్రీలంక మ్యాపు గీసి చూపించడమే తప్ప నేనూ వెళ్లింది లేదు. బస్సుల్లో తిరుగుతూ, చిన్న చిన్న లాడ్జీల్లో ఉంటూ, వీపున సంచులేసుకుని ఆ దీవంతా చూసి రావచ్చని తోటి టీచరు ఒకామె చెప్పినప్పుడు నాకు ముందు అక్కే గుర్తొచ్చింది. స్కూలు సెలవుల్లో, మిరప తొలి కోతకి ముందు, కొద్ది రోజులు దొరికాయి. వీసా ఆన్‌లైన్లోనే వచ్చేసింది.

బావ చివరికి ఒప్పుకున్నాడు గానీ, ఒక షరతు పెట్టాడు. "కోతకి కూలీల ముఠాని మాట్లాడి పెట్టా. వాళ్లు వచ్చే రోజుకి మనం చేలో ఉండాలి. లేకపోతే వేరే వాళ్ల చేలోకి పోతారు. దారిలో ఏ ఒక్క ఇబ్బంది వచ్చినా సరే, ఇంక ఈ జన్మలో నన్ను ఊళ్లు తిప్పమని అడగగూడదు."

అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. "రమా, ఏ ఇబ్బందీ రాకుండా చూడవే. ఇది బాగా జరిగితేనే ఇంకోటి" అంది. ఆ మాటతో ఆ యాత్ర బరువంతా నా నెత్తిన పడింది.

వినుకొండ నుంచి ఒంగోలు పోయే బస్సు అద్దంకిలో ఆగేసరికి బావ నా కోసం పక్క సీటు మీద తువ్వాలు పరిచి కూర్చుని ఉన్నాడు. మా వైపు బస్సు ఎక్కే పద్ధతి తెలియనివారికి ఇక్కడ కొంచెం చెప్పాలి. బస్సు స్టాండులోకి వస్తుండగానే పక్కనే పరిగెత్తుతూ, కిటికీలోంచి తువ్వాలో చేతిరుమాలో సీటు మీద వేసేస్తే ఆ సీటు మనది. తర్వాత నింపాదిగా తోసుకుంటూ ఎక్కినా ఎవరూ అందులో కూర్చోరు. కూర్చుంటే పెద్ద గొడవ అవుతుంది, ఆ గొడవలో బస్సంతా తువ్వాలు వేసినవాడి పక్షమే. మా బావ ఈ విద్యలో ఆరితేరినవాడు. వినుకొండ బస్టాండులో ఆయన గురి తప్పినట్టు ఎవరూ చెప్పరు.

ఒంగోలు నుంచి రైల్లో చెన్నై, మర్నాడు పొద్దున్నే విమానం. ఎక్కి మబ్బులు చూసేలోపే కొలంబో వచ్చేసింది. కొలంబో ఊళ్లోకి పోకుండా ఎయిర్‌పోర్టు బయట ఆటో తీసుకుని దగ్గరలోని బస్టాండుకి వెళ్లి నేరుగా కాండీ బస్సు ఎక్కాం. వెళ్లేవారు కూడా ఇలాగే చేస్తే ఒక పూట కలిసొస్తుంది. బస్సు టిక్కెట్లు చాలా చవక. పాటలు మాత్రం చెవులు పగిలేలా పెడతారు. బావకి అది బాగా నచ్చింది, మన బస్సుల్లో ఈ మధ్య పాటలు పెట్టడం మానేశారని బాధపడ్డాడు.

కాండీలో చెరువుకి దగ్గరగా ఒక ఇంటివాళ్లు అద్దెకిచ్చే గదిలో దిగాం. రాత్రి భోజనంలో కొబ్బరీ ఎండుమిర్చీ కలిపి దంచిన పచ్చడి పెట్టారు. బావ ఒక ముద్ద తిని ఆగాడు. వేలితో కొంచెం తీసి దీపం కింద పెట్టి చూశాడు. తర్వాత ఆ ఇంటాయనని పిలిచి మిరపకాయ ఎక్కడిదని నాచేత ఇంగ్లీషులో అడిగించాడు. ఇండియా నుంచే వస్తుందని ఆయన అన్నాడు.

"చూశావా సుశీలా, మనకంటే ముందు మన కాయ వచ్చేసింది ఇక్కడికి" అన్నాడు బావ.

"అదైనా వచ్చింది. మనమే ఆలస్యం" అంది అక్క.

కాండీ నుంచి నువర ఎలియ వరకు ఎర్ర బస్సులో కొండలెక్కుతూ మూడు గంటల పైనే ప్రయాణం. టీ తోటలు మొదలైన దగ్గర నుంచి అక్క కిటికీ వదల్లేదు. అంత పచ్చదనం ఆమె ఎప్పుడూ చూడలేదు. మా నేలలో పచ్చగా ఉండేది నాలుగు నెలలు, ఆ తర్వాత ఎర్రగా కాయ, తెల్లగా పత్తి, ఆ తర్వాత అంతా బూడిద రంగే. చలికి అక్క బావ తువ్వాలే తలకి చుట్టుకుని కూర్చుంది. మర్నాడు దారిలో సీతమ్మ గుడి దగ్గర బస్సు నెమ్మదించింది. సీతమ్మని ఇక్కడే ఉంచారట అని నేను చెప్పాను. అక్క ఆ వాగునీ చెట్లనీ చూసి, "పాపం ఆవిడకి బెంగ గానీ, చోటు మాత్రం బాగుందే" అంది. బావ ఆ మాటకి గట్టిగా నవ్వాడు.

ఎల్లాకి వెళ్లడానికి బండారవెల అనే ఊళ్లో బస్సు మారాలి. అక్కడ దిగేసరికి పదకొండు దాటింది. సన్నగా వాన, స్టాండు నిండా జనం. అక్క మోకాళ్లు అప్పటికే పట్టేశాయని ఆమె భుజానికుండే చేతిసంచి బావ తీసుకున్నాడు. మా ముగ్గురి పాస్‌పోర్టులూ, అక్క షుగరు మాత్రలూ అందులోనే ఉన్నాయి. ఎల్లా మీదుగా వెల్లవాయ పోయే బస్సు వస్తోందని పక్కనున్న ఒకావిడ చెప్పింది. బావ ముఖంలో వినుకొండ కళ వచ్చేసింది.

"రమా, నువ్వు అక్కని పట్టుకుని డోరు కాడికి రా. సీట్ల సంగతి నేను చూసుకుంటా" అని గుంపులోకి దూకాడు.

తువ్వాలు అక్క తలకి ఉంది. బావ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, భుజానున్న సంచి తీసి, కదులుతున్న బస్సు పక్కనే పరిగెత్తి, ముందు కిటికీలోంచి సీటు మీదికి విసిరాడు. గురి ఎప్పటిలాగే కుదిరింది. అయితే ఆ బస్సు మా బస్సులా ఆగి, డ్రైవరు టీ తాగి, కండక్టరు ఈల వేసేదాకా ఉండేది కాదు. ఇద్దరిని దించి, ముగ్గురిని ఎక్కించుకుని, మేము గుంపు చుట్టూ తిరిగి డోరు దగ్గరికి చేరేలోపే కదిలిపోయింది. బావ కేకలు వేస్తూ మలుపు దాకా పరిగెత్తి, వానలో అక్కడే నిలబడిపోయాడు.

ఎల్లుండి పొద్దున కొలంబోలో విమానం. ఆ తర్వాతి రోజు చేలోకి ముఠా వస్తుంది. అన్నిటికన్నా ముందు నాకు గుర్తొచ్చింది వంటింట్లో అక్క అన్న మాట.

బస్సు సంగతి చెప్పినావిడ అంతా చూసింది. ఆమె పేరు కమల, టీ తోటల్లోని బడిలో తమిళం చెబుతుంది. చదువుకునే రోజుల్లో మద్రాసులో ఉన్నప్పుడు నేర్చుకున్న నా తమిళం ఆ పూట అక్కరకొచ్చింది. ఆమె మమ్మల్ని బస్సుల రాకపోకలు చూసే ఉద్యోగి గదికి తీసుకెళ్లింది. ఆయన ఆ బస్సు కండక్టరుకి ఫోను చేశాడు, ఎత్తలేదు. తర్వాతి బస్సెక్కి వెనకే వెళ్లమన్నాడు, ఈలోగా తను చేస్తూనే ఉంటానన్నాడు.

ఆమె ఊరూ ఆ దారిలోనే కావడంతో కమల కూడా మాతో ఎక్కింది. తర్వాతి బస్సులో నిలబడడానికే చోటు లేదు. అక్కని చూసి ఒక పెద్దాయన లేచి సీటిచ్చాడు. బావ పైకడ్డీ పట్టుకుని ఆమె పక్కనే నిలబడ్డాడు. ఊళ్లో ఆయన గొంతు నాలుగు వీధులకి వినిపిస్తుంది. ఇప్పుడు ఆ గొంతు నాకే సరిగా వినిపించలేదు.

"నాదే తప్పు సుశీలా. ఇంటికాడ ఉండుంటే ఇదంతా ఉండేది కాదు. చేను, ఎడ్లూ, మన బతుకు మనకి. ఇంక ఎక్కడికీ వద్దు."

అక్క బయట లోయ చూస్తోంది. నావైపు తిరక్కుండానే అడిగింది. "సంచి దొరక్కపోతే ఏమవుద్దే?"

పోలీసు కాగితం, కొలంబోలో మన దేశపు ఆఫీసు, కొత్త కాగితాలు, ఎంత లేదన్నా నాలుగైదు రోజులు పట్టవచ్చని చెప్పాను.

"అయితే నాలుగైదు రోజులు ఎక్కువుంటాం. నేనేమన్నా ఏడుస్తున్నానా?"

"కాయ పండి రాలిపోద్దే" అన్నాడు బావ.

"రాలనీయవయ్యా. ముప్పై ఏళ్లు వంగి వంగి ఏరాను. ఒక్క ఏడు రాలితే రాలనీ."

ఆమె కోపంగా అనలేదు. ఉప్పు చాల్లేదు అన్నంత మామూలుగా అంది. బావ కడ్డీ పట్టుకున్న చేతిని చూసుకుంటూ ఉండిపోయాడు. కమల నా ముఖం చూసి ఏమంటోందని అడిగింది. నాకు చెప్పబుద్ధి కాలేదు. అక్క అంత అలిసిపోయి ఉందని సొంత చెల్లెల్ని, నాకే తెలియదు.

ఎల్లా దాటుతుండగా బండారవెల ఉద్యోగి నుంచి మా కండక్టరుకి ఫోను వచ్చింది. అతను విని, నవ్వుతూ బస్సంతా వినేలా ఏదో చెప్పాడు. కమల నాకు తమిళంలో చెప్పింది. బావ సంచి వేసింది బౌద్ధ భిక్షువులకి కేటాయించిన సీటులోనట. అక్కడి బస్సుల్లో ముందు సీటు వాళ్లది. మిగతావాళ్లు కూర్చున్నా, భిక్షువు ఎక్కగానే లేచిపోతారు. తర్వాతి స్టాపులో ఒక భిక్షువు ఎక్కి, సంచి తెరిచి చూసి, మూడు పాస్‌పోర్టులు కనిపించగానే దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. తన ఊరి దగ్గర దిగి రోడ్డు పక్కనే ఆగి ఉన్నాడు, వెనక వచ్చే బస్సులో మేముంటే దింపమన్నాడు. కమల ఊరు వెనకే దాటిపోయింది. ఇప్పుడెలా దిగుతాను, చూడాలి కదా అంది.

పెద్ద జలపాతం దాటాక, రేకుల షెడ్డు కింద పండుటాకులాంటి ఒక ముసలి భిక్షువు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. బస్సు ఆగింది. జనమంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. బావ దిగి, ఆ తడి నేల మీదే సాష్టాంగపడ్డాడు. భిక్షువు సంచి ఇచ్చి, కమల ద్వారా ఒకటే అడిగాడు. అంత ముఖ్యమైన సంచిని ఎందుకు విసిరారని.

బావ చేతులతో చూపిస్తూ మా బస్టాండు పద్ధతి అంతా చెప్పాడు, నేను తమిళంలో, కమల సింహళంలో. భిక్షువు నోరంతా తెరిచి నవ్వాడు. సీటు కోసం అంత కష్టపడితే, ఆ సీట్లో కూర్చుని ఏం చూస్తారని అడిగాడు. కమల ఆ మాట చెప్పగానే బావ తల గోక్కున్నాడు. అక్క మాత్రం, "కిటికీ పక్క సీటు నాకోసమే ఆపేవాడు. ఆ మాట చెప్పవే ఆయనకి" అంది. చెప్పాను.

వెనక్కి ఎల్లా వచ్చి ఒక రాత్రి ఉన్నాం. పొద్దున రైలు వంతెన చూసి, మంచులో అల్లం టీ తాగి, బస్సులో కొలంబో చేరాం. వెళ్లేవారికి నా సలహా ఒక్కటే. పాస్‌పోర్టులు నడుముకి కట్టుకోండి, సంచుల్లో వద్దు. తిండికీ పడకకీ భయం లేదు. దారి తప్పితే చెప్పేవాళ్లు ఉన్నారు. మూడు భాషలు మాట్లాడే మనుషులు, మా తెలుగు రాకపోయినా, మా సంచి కోసం అంతమంది ఫోన్లు చేశారు. కొండలు బాగున్నాయి, వాళ్లు ఇంకా బాగున్నారు. నాకు ఆ దేశం మీద కలిగిన ప్రేమకి ఇదే కారణం.

తిరుగు ప్రయాణంలో ఒంగోలు నుంచి వినుకొండ బస్సెక్కాం. సాయంత్రపు ఎండ. మేదరమెట్ల దాటాక రెండువైపులా పత్తి, మధ్య మధ్య పండి ఎర్రబడిన మిరప చేలు. అక్క కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. ముఠా మేస్త్రి ఫోను చేశాడు. "ఆ, వచ్చేశాం. రేపు పొద్దున్నే రండి" అని బావ పెట్టేశాడు.

ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత వెనక సీటులో ఉన్న నావైపు తిరిగాడు.

"వంగి వంగి ఏరాను అంది చూడు రమా. పక్కనే ఉన్నా, నేనెప్పుడూ లెక్కేసుకోలా" అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి, దాచుకోలేదు. "వచ్చే ఏడు రెండెకరాలు కౌలుకిచ్చేద్దామనుకుంటన్నా. పని తగ్గుద్ది. ఆవిడ ఎక్కడికంటే అక్కడికి పోవచ్చు."

కాళ్లూ చేతులూ ఆడుతుండగా సొంత చేను ఇంకొకరికి కౌలుకివ్వడమంటే మా వైపు రైతుకి ఎంత మాటో నాకు తెలుసు. నిద్రపోతోందనుకున్న అక్క, కళ్లు తెరవకుండానే అంది.

"మూడివ్వు."