రెండో చెప్పు ఏమైంది?

మా ఇంట్లో దెయ్యాల మీద నమ్మకమంతా మా అమ్మదే. నా వాటా కూడా ఆవిడే తీసేసుకుంది. నేను మూడేళ్లు నర్సింగ్ చదివాను. చనిపోయినవాళ్లకు ఒళ్లు తుడిచాను, గుడ్డ చుట్టాను, చేతులు కడుక్కుని ఆ మధ్యాహ్నమే డబ్బా తెరిచి పెరుగన్నం తిన్నాను. వాళ్లలో ఒక్కరు కూడా లేచి నన్ను పలకరించలేదు.

కాబట్టి ఇది ఎవరినీ భయపెట్టడానికి రాయడం లేదు. నా బుర్రకు అందనిది ఒకటి జరిగింది. ఎవరైనా ముడి విప్పి చెబుతారేమోనని రాస్తున్నాను.

నా పేరు కోటేశ్వరి. మాచవరం దగ్గర పల్లె మాది. ఇంట్లో నా నోరు మూతపడదు. కానీ పరీక్ష పెట్టేవాళ్ల ఎదుట కూర్చుంటే మాత్రం నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. ఫైనలియర్ వైవాలో పేరేమిటని అడిగితే హాల్ టికెట్ తీసి చూపించాను. ఇంకేం చెబుతాను? రాతపరీక్షలన్నీ పాసయ్యాను, వైవా ఒక్కటే పోయింది.

వైవా పోతే డిప్లొమా లేదు. డిప్లొమా లేకపోతే నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ లేదు. రిజిస్ట్రేషన్ లేనిదే ఏ ఆసుపత్రీ నర్సుగా తీసుకోదు. ఈసారి కూడా పోతే మిరప చేలోకి రమ్మన్నాడు నాన్న. కోపంగా అనలేదు. రేపు వానొస్తుంది అన్నట్టు మామూలుగా అన్నాడు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

రెండోసారి వైవా నరసరావుపేటలో. ఉదయం పదకొండు గంటలకు పిలిచారు. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ పేరు సలోమి మేడమ్. రిటైర్మెంట్‌కు దగ్గరపడిన మనిషి. సన్నగా, నేత చీరలో ఉంది. కళ్లద్దాలు ముక్కు చివరకు జారి ఉన్నాయి. పక్కన కూర్చోవాల్సిన మా ట్యూటర్ ఫోన్ వస్తే బయటికి వెళ్లింది. గదిలో మేమిద్దరమే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

ఆమె పుస్తకం ప్రశ్న వేయలేదు. వైవాల్లో ఒక పద్ధతి ఉంటుంది, ఒక పేషెంట్ వచ్చాడనుకో అని మొదలుపెడతారు. ఆమె కూడా అలాగే మొదలుపెట్టింది.

"ఒకాయన వచ్చాడనుకో. నలభై ఏళ్లుంటాయి. మిరప చేలోంచి వచ్చాడు. ముల్లు గుచ్చుకుంది, టీటీ ఇంజెక్షన్ ఎయ్యమంటాడు. ఒక కాలికే చెప్పుంది. ఏం చేస్తావ్?"

నేను అప్పటిదాకా విన్న ఏ వైవా పేషెంటుకూ కాళ్లకు చెప్పులు లేవు. వయసు, జబ్బు, బీపీ, అంతవరకే. ఆ విచిత్రానికి నా భయం పోయినట్టుంది, నోరు తెరుచుకుంది. గాయం కడుగుతాను, టీటీ వేస్తాను అన్నాను.

"రెండో చెప్పు ఏమైందని అడగవా?" అందామె.

నిజమే కదా అనిపించింది. దేన్నో చూసి పరిగెత్తితే తప్ప మనిషి చెప్పు వదిలేసి రాడు. పాము అయ్యుండొచ్చు మేడమ్ అన్నాను. రక్తం తీసి ఇరవై నిమిషాలు ట్యూబులో ఉంచి చూడాలని చెప్పాను. మామూలు రక్తం ఆలోపు గడ్డ కడుతుంది. రక్తపింజరి విషం ఎక్కితే గడ్డ కట్టదు.

ఏ ట్యూబు అని అడిగింది. నాకు తెలియలేదు. గాజుది, కొత్తది, సబ్బుతో కడిగింది వద్దు, మధ్యలో కదిలించొద్దు అని ఆమే చెప్పింది. చివర్లో గొంతు తగ్గించి, "బయట ఆటో ఆగి ఉందని పోతానంటాడు. పోనివ్వకు" అంది.

అంతే. ఇంక నువ్వెళ్లు అన్నట్టు తలూపింది.

మా బ్యాచ్‌లో ఒక అలవాటు ఉంది. వైవా నుంచి బయటికొచ్చినవాళ్లు మెట్లు దిగకముందే ఏమేం అడిగారో వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాలి. లోపలికి వెళ్లబోయేవాళ్లు అది విని అప్పటికప్పుడు చదువుకుంటారు. నేనూ పెట్టాను. ఒంటి చెప్పు, టీటీ, గాజు ట్యూబు, ఆటో, అన్నీ వరసగా చెప్పేశాను. నా తర్వాత రోల్ నంబరు మస్తానీది. నా రూమ్మేట్. ఆ మెసేజ్ విని పాముకాటు పాఠం నమిలి మింగి లోపలికెళ్లింది.

బయటికొచ్చాక నన్ను కొట్టినంత పనిచేసింది. "ఏమే, పాము పాము అని నన్ను చంపావు గదే! ఆమె షుగర్ పేషెంటు పాదాల గురించి అడిగింది. అందర్నీ అదే అడుగుతుందంట!"

నిజంగానే ఆ రోజు మిగతా అందరికీ షుగర్ పాదాలే వచ్చాయి. నాకొక్కదానికే పాము. నన్ను చెప్పుల కొట్టు పెట్టుకోమని గ్రూపులో వారం రోజులు ఏడిపించారు. నేను పట్టించుకోలేదు. పాసయ్యాను. రిజిస్ట్రేషన్ కాగితం చేతికొచ్చిన రోజు అమ్మ దాన్ని దేవుడి పటం ముందు పెట్టి, మళ్లీ నా చేతికివ్వడానికి రెండు రోజులు పట్టింది.

ఉద్యోగం వెతుక్కోవడం ఇంకో తద్దినం. నరసరావుపేటలో నేను మెట్లెక్కని ఆసుపత్రి లేదు. ప్రతిచోటా అనుభవం ఉందా అని అడిగేవాళ్లు. ఉద్యోగం ఇవ్వనిదే అనుభవం ఎక్కడ పండుతుందమ్మా అని నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. ఆఖరికి ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు మూడు నెలలు చూసి ఆ తర్వాత చెబుతామన్నారు.

అక్కడ సీనియర్ సుగుణ సిస్టర్. పని రాక్షసి. నేను ప్రతి పేషెంటునూ కూర్చోబెట్టి వివరాలు అడుగుతుంటే ఆమెకు ఒళ్లు మండేది. "ఇది కాలేజీ కాదమ్మాయ్. బయట జనం నిలబడున్నారు" అనేది. ఆలస్యం చేస్తున్నానని రెండుసార్లు మేనేజరుకు చెప్పింది. మూడోసారి అంటూ వస్తే ఇంటికేనని ముఖం మీదే చెప్పేసింది. మూడు నెలలకు ఇంకా పదిరోజులుంది.

మిరపకాయ కోతల రోజులవి. మధ్యాహ్నం రెండున్నరకు ఒకాయన వచ్చాడు. పేరు ఏడుకొండలు. ఒంటినిండా మిరప ఘాటు, ఆయన దగ్గరికొస్తుంటేనే నాకు తుమ్ములు.

"ముల్లు దిగిందమ్మాయ్. టీటీ ఒకటి ఏసెయ్" అన్నాడు.

నాకు అప్పటికీ ఏమీ తట్టలేదు. అబద్ధమెందుకు చెప్పాలి? ఇంకా ఆలస్యం చేయకూడదని సిరంజి నింపేశాను. గాయం తుడుద్దామని వంగాను. ఎడమ మడమ పక్కన చిన్న గీత, కొంచెం వాపు. ఆ కాలికి చెప్పు లేదు. కుడికాలికి నీలం రంగు హవాయి చెప్పుంది.

సిరంజి ట్రేలో పెట్టేశాను.

"బాబాయ్, రెండో చెప్పు ఏమైంది?"

"చెప్పు సంగతి నీకెందుకమ్మా? ఏదో సరసరమంది, తొండనుకున్నా. ఉలిక్కిపడి దూకితే చెప్పు ఊడింది. ఎవడు బోతాడు ఎనక్కి? తొందరగా ఏసెయ్, బయట ఆటో ఆగుంది."

ఆటో అనే మాట వినగానే ఇంజెక్షన్ వెయ్యను, ఇరవై నిమిషాలు కూర్చోవాలి అన్నాను. ఆయన అరిచాడు. ఆ అరుపులకు సుగుణ సిస్టర్ వచ్చింది. ఏమైందంటే ఏం చెప్పను? వైవాలో ఈయన గురించే అడిగారండీ అని చెప్పనా? పాము కావచ్చు సిస్టర్ అన్నాను. ముల్లని ఆయనే చెబుతుంటే నీ గోలేందని కసిరింది.

"ఒక్క ఇరవై నిమిషాలు సిస్టర్. నాది తప్పయితే రేపట్నుంచి నేను రాను" అన్నాను. నాన్న, మిరప చేను, కౌన్సిల్ కాగితం, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

ఆమె ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గరికెళ్లి డాక్టరు గారిని అడిగొచ్చింది. "చేసి చూడమన్నారు. ఇరవై నిమిషాలే. ఇరవై ఒకటో నిమిషం నువ్వు బ్యాగు సర్దుకో" అంది.

ల్యాబ్‌లో అన్నీ ప్లాస్టిక్ ట్యూబులే. రెండు గాజువి ఉన్నాయిగానీ సబ్బునీళ్లతో కడిగి బోర్లించినవి. అవొద్దని బీరువా అడుగున ఉన్న కొత్త పెట్టె విప్పించాను. రక్తం తీసి, ట్యూబు స్టాండులో పెట్టి, గోడ గడియారం చూశాను.

ఏడుకొండలు మూడుసార్లు లేచాడు. నాలుగోసారి నాకు తిక్కరేగి ఆయన కాలికున్న ఆ ఒక్క చెప్పు కూడా లాక్కుని నా టేబుల్ సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆయన నోరెళ్లబెట్టాడు. నాకూ ఆశ్చర్యమే, అంత ధైర్యం ఎక్కడిదో తెలియదు.

ఇరవై నిమిషాలయ్యాక ట్యూబు వంచాను. రక్తం గడ్డ కట్టలేదు. రంగునీళ్లలాగా అంచుదాకా జారింది. సుగుణ సిస్టర్ నా చేతిలోంచి ట్యూబు తీసుకుని తానూ వంచి చూసింది. ఆమె అప్పుడు నడిచినంత వేగంగా నడవడం నేను మళ్లీ చూడలేదు.

విషానికి విరుగుడు మందు అప్పుడే మొదలుపెట్టారు. సాయంత్రానికి ఆయన పళ్ల చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. ఇంటికెళ్లి ఉంటే ఏమయ్యేదో డాక్టరు గారు వేరే చెప్పక్కర్లేకపోయింది. ఆరోరోజు నడుచుకుంటూ వెళ్లాడు. నా ఉద్యోగం నిలబడింది.

ఇక్కడితో ఆగిపోతే మంచి ఎగ్జామినర్, మంచి ప్రశ్న అనుకుని ఊరుకునేదాన్ని. కోతల కాలంలో ఒంటి చెప్పుతో ఎవరైనా రావచ్చు, ఆటోలు ఎక్కడైనా ఆగుతాయి. కానీ నన్నొక్కదాన్నే ఎందుకడిగిందన్నది పళ్ల సందున ఇరుక్కున్న పీచులాగా వదల్లేదు. మా ట్యూటర్ దగ్గర నంబరు తీసుకుని, ఒక ఆదివారం బత్తాయిలు పట్టుకుని సత్తెనపల్లి బస్సెక్కాను. సలోమి మేడమ్ రిటైరై అక్కడే ఉంటోంది.

నన్ను చూడగానే గుర్తుపట్టింది. మీరు అడిగిన ప్రశ్న ఒక ప్రాణం కాపాడింది మేడమ్ అని కాళ్లకు దండం పెట్టబోయాను.

"ఏ ప్రశ్నమ్మా?"

పాముకాటు అన్నాను. ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది. "నేను నిన్ను షుగర్ పాదాలే అడిగాను. అందర్నీ అదే అడుగుతాను. నువ్వు మొదట మాట్లాడలేదు, తర్వాత చక్కగా చెప్పావు. గోళ్లు ఎలా తియ్యాలో కూడా చెప్పావు" అంది.

నాకు అదేమీ గుర్తులేదు. పెద్దవయసు, మర్చిపోయి ఉంటుందనుకుని ఫోన్ తీసి, ఆ రోజు గ్రూపులో పెట్టిన వాయిస్ మెసేజ్ వినిపించాను. తేదీ, టైమూ చూపించాను. ఆమె విన్నది. మళ్లీ పెట్టమంది. మూడోసారి కూడా విని కళ్లద్దాలు తీసేసింది.

అప్పుడు చెప్పింది. నర్సుగా తన మొదటి ఉద్యోగం మాచర్ల వైపు ఒక చిన్న ఆసుపత్రిలో. చేరిన కొత్తలో ఒకాయన ముల్లు గుచ్చుకుందని ఒంటి చెప్పుతో వచ్చాడు. టీటీ వేసి పంపించేసింది. మర్నాడు పొద్దున్నే మంచం మీద మోసుకొచ్చారు, బతకలేదు.

"ఆ చెప్పు నేను చూశానమ్మా. చూసి కూడా అడగలా. ఈ సంగతి మా ఆయనకు కూడా తెలీదు. పిల్లలకు పాఠం చెప్పానేగానీ, ముప్పై ఏళ్లలో ఏ వైవాలోనూ పాముకాటు అడగలేదు. అడిగే మొహం నాకు లేదు."

ఆయన కూడా ఆటో ఆగి ఉందన్నాడా మేడమ్ అని అడిగాను. అప్పట్లో అక్కడ ఆటోలెక్కడివి, బస్సు పోతుందన్నాడు అంది. అంటే ఆ గదిలో నేను విన్నది ఆమె పేషెంటు గురించి కాదు. అప్పటికింకా ఎనిమిది నెలలకు గానీ రాని నా పేషెంటు గురించి.

మరి ఆ ప్రశ్న అడిగిందెవరు? షుగర్ పాదాల గురించి చక్కగా చెప్పిందెవరు? మెసేజ్‌లో ఉన్నది నా గొంతే, అందులో అనుమానం లేదు. నేను ఎవరి గొంతు విని ఆ మాటలు చెప్పానో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు.

నేను లేస్తుంటే మేడమ్ నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన్ను ఇరవై నిమిషాలు ఎట్టా కూర్చోబెట్టావమ్మా? పోతానని ఉంటాడే."

"ఉన్న ఆ ఒక్క చెప్పూ లాక్కుని సొరుగులో పెట్టి తాళమేశాను మేడమ్."

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే చీర చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలాగా ఏడ్చింది. నేను బస్సు వదిలేసి చీకటి పడేదాకా ఆమె పక్కనే కూర్చున్నాను.